నీలు చేతి మీద పొక్కని టీకా

మా కింది వాటాలో చిన్నపిల్లకి ఆటలమ్మ పోసింది. పొద్దున్నుంచీ వేపాకూ పసుపూ కలిపి మిక్సీలో రుబ్బుతున్నారు. ఆ పచ్చి చేదు వాసన మెట్లెక్కి వచ్చి మా వంటింట్లో కూర్చుంది. పిల్లకేం ఫరవాలేదు, వారం పది రోజుల్లో లేచి తిరుగుతుందని వాళ్ళమ్మతో నేనే చెప్పి వచ్చాను. ముప్పై ఏళ్ళు విజయనగరంలో ఆడపిల్లల బడిలో సైన్సు చెప్పినదాన్ని, ఆ మాత్రం ధైర్యం చెప్పగలను. చెప్పి, పైకి వచ్చి, కిటికీలన్నీ మూసుకున్నాను. ఆ వాసన నాకు పడదు. ఎందుకు పడదో ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా.

అవి అరవైల చివరి ఏళ్ళు. నరసన్నపేటలో బస్సు దిగి రెండు కోసులు నడిస్తే మా ఊరు. ఊరికి ఆనుకుని వంశధారలోకి పోయే గెడ్డ, గెడ్డ దాటితే చోడి, అదే రాగి చేలు, వేరుశనగ మళ్ళు, ఆ పైన జీడితోటలు. పొద్దున్నే చోడి అంబలిలో నంజుకునే ఉల్లిపాయ ఘాటు, ఎండలు ముదిరాక జీడిపిక్కలు కాల్చే పొగ, ఆ పొగకి మసిబారిన మా వేళ్ళు, పనసతొనల జిగురు అంటకుండా అరచేతులకు రాసుకునే నూనె, కొత్త అమావాస్యకు మా అమ్మ వేయించే బూరెల కమ్మదనం, ఇవన్నీ కలిసిన గాలి మా వీధిది. వరసిళ్ళ అరుగుల మీద పిక్కలాట ఆడుకుంటూ, ఎవరింట్లో ఏ కూర పొయ్యెక్కిందో ఆడపిల్లలం వాసన పట్టి చెప్పేవాళ్ళం. మూడేళ్ళ మా చెల్లెలు నీలు నా ఒళ్ళో కూర్చుని, నేను గెలిచిన పిక్కలన్నీ తన గౌను జేబులో దాచేసేది. అడిగితే లేవన్నట్టు రెండు చేతులూ తిప్పి చూపించేది. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు.

మా ఇంట్లో ప్రశ్నలు వేసే మనుషులు ఇద్దరుండేవారు. ఒకరు సూర్నారాయణ పెదనాన్న. ఊళ్ళో స్కూలు ఫైనలు గట్టెక్కింది ఆయనొక్కడే. నరసన్నపేట వెళ్ళి పేపరు తెచ్చుకుని, కళ్ళజోడు పెట్టుకుని, అరుగు మీద కూర్చుని మొదటి అక్షరం నుంచి చివరి ప్రకటన దాకా చదివేవాడు. దెయ్యాలంటే నవ్వేవాడు. పూనకం వచ్చిన మనిషిని పట్టుకుని మూడు తొమ్మిదులెంతో చెప్పమనేవాడు. ఆయనకు పిల్లల్లేరు. నీలు అంటే ప్రాణం. అది వచ్చి తొడ మీద కూర్చుని మొదటి ముద్ద తింటేగాని ఆయన కంచంలో చెయ్యి పెట్టేవాడు కాదు.

రెండోది నరసమ్మ అత్త. పెదనాన్నకీ మా నాన్నకీ పెద్దప్ప, అంటే అక్క. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. చదువు లేదు. ఏటా అమ్మవారికి పసుపునీళ్ళ కొత్తకుండ, అదే ముర్రాట, నెత్తిన పెట్టుకుని ఊరంతా నడిచేది. ఆ భక్తితోపాటే ఆవిడకి ఒక పిచ్చి ఉండేది. విత్తనాలు అమ్మింది సొంత తమ్ముడైనా సరే, ముందు పెరట్లో ఓ మూల చారెడు చల్లి, ఎన్ని మొలిచాయో చూసుకున్నాకే చేలోకి పట్టుకెళ్ళేది. ఎవరేం చెప్పినా "ఎందుకని?" అనేది. నా చిన్నబుర్రకి పెదనాన్న గొప్ప సైంటిస్టు, అత్తది చాదస్తం. ఆ లెక్క తిరగబడిందని తెలిసేసరికి ఇంట్లో ఒక మనిషి తగ్గిపోయింది.

మశూచిని మా ఊళ్ళో ఎవరూ ఆ పేరుతో పిలిచేవారు కాదు. పెద్దమ్మవారు అనేవారు, అదీ గొంతు తగ్గించి. టీకాలాయన సైకిలు మీద ఇనప పెట్టె కట్టుకుని వచ్చేవాడు. చిన్న పళ్ళున్న బిళ్ళలాంటిది చేతి మీద నొక్కి గిర్రున తిప్పితే, గడ్డివాముల్లో దాక్కున్న పిల్లలకు కూడా ఆ నొప్పి తెలిసేది. నాలుగు రోజులకి అక్కడ పొక్కాలి, ఎనిమిదో రోజుకి చీముపట్టాలి, తర్వాత పక్కు కట్టి రాలిపోయి మచ్చ మిగలాలి. అప్పుడే టీకా పట్టినట్టు. అయితే ఆయన పక్కవీధికి తిరిగాడో లేదో, మా ఆడవాళ్ళు వేపాకూ పసుపూ నూరి పిల్లల చేతులకి మెత్తేవారు. అమ్మవారికి చల్లదనం కావాలి, ఇనుము గుచ్చినచోట వేడి నిలవకూడదు అని. అందులో ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. నిరుడు నాకూ నీలుకీ అమ్మ అలాగే మెత్తింది. మా ఇద్దరికే కాదు, మా వీధిలో దాదాపు ఎవరికీ పొక్కలేదు.

ఆ ఏడు ఎండాకాలంలో ఏటి అవతలి ఊళ్ళో పెద్దమ్మవారు దిగింది. టీకా వేయించుకున్న మనిషి కూడా పోయాడని కబురొచ్చింది. పెదనాన్న పేపరు మడిచి అన్నాడు:

"ఏయించుకున్నోడే పోయేడు. మరి దీన్ని నమ్మమంతారేటి? శాస్త్రమంటే అనుమానించడం. నాను అనుమానిస్తన్నాను."

అరుగు కింద కూర్చున్నవాళ్ళంతా తలలూపారు. అత్త కూడా ఊపింది. "నిజమేరా. మనోలకి పొక్కనేదు. ఎందుకు పొక్కనేదో సూడాల" అంది.

ఆయన అక్కడే కూర్చున్నాడు. ఆవిడ కొంగు బిగించి లేచింది. గెడ్డ దగ్గర స్నానాలు చేసే పిల్లల చేతులన్నీ పట్టిపట్టి చూసింది. కూలికి పోయే వాళ్ళ పిల్లల్లో చాలామందికి మచ్చ ఉంది. తల్లుల్ని అడిగింది. నిరుడు టీకా వేయించి, పిల్లల్ని చంకనేసుకుని తిన్నగా వేరుశనగ పీకడానికి పోయారట. నూరి మెత్తే తీరిక ఎవరికుంది? మచ్చలేని మా వీధి పిల్లలందరికీ మెత్తారు. అత్తకి ఆ వేపాకు ముద్ద మీద అనుమానం తగిలింది.

టీకాలాయన వచ్చినప్పుడు మజ్జిగిచ్చి కూర్చోబెట్టి, ముద్ద వల్లే పొక్కలేదా అని అడిగింది. ఆయన విజయనగరం మనిషి, చెమట తుడుచుకుంటూ నిదానంగా జవాబిచ్చాడు. "నిరుడు తెచ్చింది నీళ్ళమందమ్మా, ఎండకి చెడిపోయేది. ఇప్పుడు పొడిమందు వస్తోంది. మీరన్న ముద్ద సంగతి నేను కనిపెట్టలేదు. అయ్యుండొచ్చు."

"నిరుడు ఆలకీ మాకూ ఒకే రోజు ఒకే మందు గదా బాబూ. మందే సెడితే ఆలకెలగ పొక్కింది?" అంది అత్త. ఆయన తనకు తెలీదన్నాడు. ఆ తెలీదన్న మాటకే ఆయన మీద నమ్మకం కుదిరిందని అత్త తర్వాత మా అమ్మతో అంది. అప్పటికప్పుడు తన రెండు చేతులూ చాపి రెండింటికీ టీకా వేయించుకుంది. ఒక చేతికి ముద్ద మెత్తింది. రెండోది వదిలేసింది. ఎనిమిదో రోజుకి వదిలేసిన చెయ్యి పొక్కి చీముపట్టింది, జ్వరం కూడా తగిలింది. ముద్ద మెత్తిన చెయ్యి నున్నగా ఉంది. జ్వరంతోనే వచ్చి రెండు చేతులూ తమ్ముడి ముందు పెట్టింది.

"ఒక ముసిల్దాని చెయ్యి సూసి లోకం ఒప్పుకుంతాదేటప్పా" అన్నాడు పెదనాన్న.

"పోనీ పదిమంది చేతులు సూపిస్తాను."

"ఆ పదీ నువ్వేరుకొచ్చినవే గదా. అయినా ఆ పొడిలో ఏటి కలుపుతారో ఎవడికి తెల్సు?"

అత్త అరుగు మెట్టు మీద కూర్చుంది. "ఒరే తమ్ముడూ, ఏటి సూపిస్తే నువ్వొప్పుకుంతావో ముందది సెప్పు. అదే తెచ్చి సూపిస్తాను."

పెదనాన్న నవ్వి పేపరు తెరిచాడు.

మా నాన్న అన్నగారి మాట దాటేవాడు కాదు. అందుకని అత్త, పదిరోజుల తర్వాత టీకాలాయన మళ్ళీ వచ్చినప్పుడు, పెదనాన్న పేపరు కోసం నరసన్నపేట వెళ్ళిన సమయం చూసుకుని నాకూ నీలుకీ టీకా వేయించేసింది. "ఒసే వరాలూ, దీని చేతికి ఎవుల్నీ ఏటీ రాయనీకు. నీదే బాజ్జిత" అని నాకు అప్పజెప్పి చేలోకి వెళ్ళింది. ఆ మాటకి నాకెంత గర్వమో. నీలుని పెరట్లోకి తీసుకెళ్ళి నులకమంచం మీద కూర్చోబెట్టి కాపలా కాశాను.

పెదనాన్న తొందరగానే తిరిగొచ్చాడు. నీలు చెయ్యి చూసి ఆయన ముఖం తెల్లబోయింది. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. నా పక్కన కూర్చుని, పెద్దవాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడాడు. "అత్త సెప్పింది నిజమో కాదో మనమూ పరీచ్చ సేద్దామా? నీ చెయ్యి అలగే ఒగ్గేయ్. దీనికి ముద్ద రాయి. ఎనిమిదో రోజుకి రెండూ పక్కన పెట్టి సూద్దాం. అప్పకి సెప్పకు, బెంగెట్టుకుంతాది."

పరీక్ష. అంత చదువుకున్న మనిషి నన్ను పరీక్షకి పిలిచాడు. నేనే వేపాకు కోశాను. నేనే సన్నికల్లు మీద పసుపుకొమ్ముతో కలిపి నూరాను. నీలు చేతి మీది తడి తుడిచి, మందంగా మెత్తాను. చల్లగా ఉందని అది నవ్వింది. అత్త వచ్చేలోగా కడిగేశాను.

ఎనిమిదో రోజుకి నా చెయ్యి పొక్కింది. నీలు చెయ్యి నున్నగా ఉంది. దాన్ని చంకనేసుకుని, చెప్పినట్టే రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూపించడానికి అరుగు మీదికి పరిగెత్తాను. పెదనాన్న మా చేతుల వైపు చూడలేదు. పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని, "పెద్దోల సంగతులు నీకెందుకు, ఎల్లి ఆడుకో" అన్నాడు. ఆయనకు కావలసింది నీలు చేతి మీంచి ఆ మందు పోవడం, అంతే. ఆ మందు దాని ఒంట్లో ఏ చెరుపు చేస్తుందోనని నిజంగానే భయపడ్డాడు. పరీక్ష అన్నమాట నా కోసం అన్నాడు. ఇది నాకు చాలా ఏళ్ళ తర్వాత అర్థమైంది.

అత్త మాత్రం చూసింది. నీలు చెయ్యి వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది. "ముద్ద రాయనేదు గదే?" అని అడిగింది. లేదన్నాను. ఒంట్లో ముందే శక్తి ఉన్నవాళ్ళకి పొక్కదని టీకాలాయన ఎప్పుడో చెప్పిన మాట ఆవిడకి గుర్తుంది. నిరుటి టీకా మచ్చ లేకుండానే పట్టిందేమో, ఆయన పాతపట్నం వైపు నుంచి తిరిగొచ్చాక అడుగుదాం అనుకుని ఊరుకుంది. నేను ఒక్కమాట చెప్పి ఉంటే మర్నాడే నీలుని ఎత్తుకుని నరసన్నపేట బస్సెక్కేది. అలా చెప్పడానికి నాకు మూడు వారాలు గడువు దొరికింది.

ఆ తర్వాత సంగతి వివరంగా రాయలేను. పెద్దమ్మవారు పోసిన నీలుని నట్టింట్లో అరటాకు మీద పడుకోబెట్టారు. పదకొండు రోజులు. చివర్లో దాని గొంతు కూడా గుర్తుపట్టేలా లేదు. పెదనాన్న గోడకి తల కొట్టుకుని ఏడ్చాడు, అది దొంగ ఏడుపు కాదు. కానీ పరామర్శకి వచ్చినవాళ్ళతో, "టీకా ఏయించినా పోయింది గుంట" అన్నాడు. అప్పుడు నా వైపు చూడలేదు. తెలిసి అన్నాడా, ఆ మధ్యాహ్నాన్ని మనసులోంచి తుడిచేసుకున్నాడా, నాకు ఇప్పటికీ తెలీదు. బతికినన్నాళ్ళూ అదే మాట అన్నాడు. ఎవరైనా పిల్లకి టీకా వేయించబోతే నీలు పేరు చెప్పేవాడు.

అత్త తన మాటనే అనుమానించింది. ముద్ద మెత్తొద్దని ఏ ఏ ఇళ్ళలో చెప్పిందో ఆ ఇళ్ళన్నిటికీ మళ్ళీ వెళ్ళి, "నా లెక్క తప్పేమోనమ్మా. మా గుంటకి ముద్ద రాయనేదు, అయినా పొక్కనేదు" అని ఉన్నదున్నట్టు చెప్పి వచ్చింది. దాంతో ఆడవాళ్ళు మళ్ళీ సన్నికల్లు ముందు కూర్చున్నారు. మరుసటి ఏడు మా ఊళ్ళో ఇంకో ఇద్దరు పిల్లలు పోయారు. వాళ్ళ పేర్లు నాకు తెలుసు.

ఇప్పుడు ఆ వరసిళ్ళు లేవు, అరుగులు లేవు, జీడిపిక్కలు వీధుల్లో కాల్చేవాళ్ళు లేరు. పెద్దమ్మవారు లోకంలోంచే వెళ్ళిపోయింది. నా మనవల భుజాల మీద ఆ టీకా మచ్చ ఉండదు. అత్త చివరి రెండేళ్ళూ మా ఇంట్లోనే ఉంది. చూపు పోయింది. అన్నం కలిపి పెడుతుంటే నా చెయ్యి తడిమి, గుండ్రటి మచ్చ దగ్గర వేలు ఆపి అడిగేది: "నీకు పొక్కింది, దానికి పొక్కనేదు. ఒకే రోజు, ఒకే మందు, ఒకే ఇల్లు. నాను ఏటి సూడనేదే, వరాలూ?"

తెలీదత్తా, అనేదాన్ని. టీకాలాయన కూడా అదే మాట అన్నాడు, కానీ ఆయనకి నిజంగా తెలీదు.

అత్తా, నువ్వు చూడనిది ఏదీ లేదు. నేను చెప్పలేదు.