రెండు తేనెసీసాల తగువు

పీహెచ్‌డీ చేస్తూ అశోక్‌నగర్‌లో ఒక మేడమీద గదిలో అద్దెకుంటున్నాను. కింద ఇంటావిడ ఉంటుంది. వాళ్లు గుంటూరు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డారు. పక్కింటావిడ పుట్టి పెరిగింది చిక్కడపల్లిలోనే. పొద్దున్నే గేటు దగ్గర నాలుగు మాటలు అనుకోకపోతే ఇద్దరికీ తోచదు.

కిందటేడు ఒకరోజు మాట తేనె మీదికి మళ్లింది. నారాయణగూడలో ఒకతను తేనెపట్టుతో సహా బకెట్లో పెట్టుకుని అమ్ముతుంటే పక్కింటావిడ ఒక సీసా కొన్నది.

"అది తేనె కాదు వదినా, బెల్లంపాకం. అసలు తేనంటే మా ఆడపడుచు ఊరి నుంచి పంపిందీ, అదీ," అంది ఇంటావిడ.

"ఏందక్కా గట్లంటవ్? నా ముందల్నే పిండి ఇచ్చిండు!"

అప్పుడే మెట్లు దిగుతూ దొరికిపోయాను. అడిక్‌మెట్ వైపు యూనివర్సిటీ ల్యాబులో నేను వాడే ఎన్.ఎం.ఆర్. యంత్రం ఏ వస్తువులో ఏముందో చెప్పేస్తుందని వాళ్ల దగ్గర ఒకసారి గొప్పలు పోయాను మరి. దాన్లో పెద్ద అయస్కాంతం ఉంటుంది. పదార్థాన్ని అందులో పెట్టి రేడియో తరంగాలతో పలకరిస్తే, హైడ్రోజన్ పరమాణువులు తామున్న చోటును బట్టి ఒక్కోటీ ఒక్కో స్వరంలో బదులిస్తాయి. ఆ బదుళ్లే కాగితం మీద గీతలవుతాయి.

"మా వారిని మోకాలి నొప్పికి పడుకోబెట్టారే, ఆ మిషనేనా?" అంది ఇంటావిడ.

"ఆ ఎమ్మారై మిషనుకు చుట్టమేనండీ."

మర్నాడు పరీక్షకని పక్కింటావిడ తన సీసానే ఇచ్చింది. ఇంటావిడ తన సీసా మూత రేకుదని ప్లాస్టిక్ డబ్బాలో పోసి ఇచ్చింది. "ఇనుము పనికిరాదుగా. ఆస్పత్రిలో ఆయన మొలతాడు వెండిదంటే కూడా ఊరుకోలేదమ్మా!"

మా ల్యాబు పెద్దాయన నవ్వి సరేనన్నారు. ఒక్కో చుక్కను భారజలంలో కరిగించి, సన్నటి గాజుగొట్టాల్లో పోసి పెట్టాను. బకెట్ తేనెలో తేనెకుండాల్సిన గ్లూకోజు, ఫ్రక్టోజు కనిపించాయి. ఇంటావిడ దాన్లో చెరకు చక్కెర గీత తాటిచెట్టులా లేచింది. తేనెలో అది ఉండీ లేనట్టుండాలి.

సాయంత్రం ఇద్దరూ గేటు దగ్గరే ఉన్నారు. నేను తీసిన గీతల కోసం అలా ఎదురుచూసినవాళ్లు అప్పటిదాకా ఎవరూ లేరు. నాకు గర్వంగానూ ఉంది, భయంగానూ ఉంది.

ఇంటావిడ కళ్లద్దాలు సర్దుకుంది. "ఈ పొడుగు గీత ఎవరిదమ్మా?"

"మీదేనండీ."

"చూశావా వదినా!" అంది, ఫస్టు ర్యాంకు వచ్చినట్టు.

పక్కింటావిడ మొహం చిన్నబోయింది. "గంతేనా? నన్ను మోసం జేసిండా?"

ఇక ఉండబట్టలేకపోయాను. "లేదండీ, ఆ గీత చక్కెరది. అసలు తేనె మీదే," అన్నాను పక్కింటావిడతో.

ఇంటావిడ కాగితాన్ని తిరగేసి కూడా చూసి, గబగబా ఆడపడుచుకు ఫోను చేసింది. కాసేపు విన్నది. తర్వాత నవ్వాపుకోలేక మెట్లమీద కూలబడింది.

"చెరకు పాకమట! 'తేనెలా ఉంటుంది, దోసెల్లోకి వేసుకో' అని చెప్పిందట. నేను తేనె దాకే విన్నాను."

ఆ పూట మా ముగ్గురికీ దోసెలే. పక్కింటావిడ మూడోదాని మీద పాకం పోసుకుంటూ, "తేనెకంటే గిదే మంచిగున్నదక్కా. జర నాకు గూడ ఒక సీసా తెప్పియ్," అంది.