రెండు సుడుల బస్వరాజు

మా చిన్నప్పుడు... సాయంత్రం అయిదున్నరకు కరెంటు ఉందంటే, పిల్లలమంతా ఖలీల్ చాచా బట్టలు కుట్టే దుకాణంలోనే. నారాయణఖేడ్‌లో మా గల్లీ మొత్తానికి కేబుల్ టీవీ ఉన్నది అక్కడొక్కటే. చాచా మిషన్ తొక్కుతుంటే, మేం గుడ్డ పేలికల మీద కూర్చుని, తెలుగులో మాట్లాడే జపాన్ బొమ్మల సీరియళ్ళు చూసేవాళ్ళం.

ఆ బొమ్మల మొహాలన్నీ ఒకటే తీరు... పెద్ద కళ్ళు, చిన్న ముక్కు. ఎవరెవరో జుట్టును బట్టే తెలిసేది. ఒకడికి నీలం జుట్టు, మడమల దాకా. ఇంకొకడు పసివాడే, జుట్టు మాత్రం పగిలిన పత్తికాయలా తెల్లగా. హీరోది వేరే. కోసిన జొన్నచేలో కొయ్యలు నిలబడ్డట్టు నిక్కి ఉండేది. వానలో తడిసినా, కొండ మీంచి పడినా ఒక్క వెంట్రుక వంగేది కాదు.

"అరె బేటా, వీని ఊర్లె కటింగ్ చేసెటోడు లేడారా? నా కత్తెర పంపియ్యాల్నా ఏంది?" అనేవాడు చాచా.

సీరియల్ అవగానే గల్లీలో అదే ఆట. ఎవరి జుట్టు ఏ బొమ్మకు కలిస్తే వాళ్ళదే ఆ వేషం... అది మేం పెట్టుకున్న నియమం. అందుకే హీరో ఎప్పుడూ బస్వరాజే.

వాడి సొంతూరు నాగల్‌గిద్ద. మా పక్కింట్లో వాళ్ళ అవ్వ దగ్గర ఉండి నా తరగతిలోనే చదివేవాడు. నడినెత్తిన రెండు సుడులు. దువ్వెన ఎటు పోతే జుట్టు దానికి ఎదురు లేచేది. "రెండు సుడులున్నోనికి రెండు పెండ్లిండ్లు" అని ఆడవాళ్ళు నవ్వేవారు. నాకేమో అమ్మ పొద్దున్నే చేరెడు నూనె పెట్టి పక్కపాపిట తీసేది. నెత్తికి అతికించినట్టుండేది జుట్టు. మొదటి దెబ్బకే పడిపోయే సైనికుడి వేషం నాది. రోజూ పడేవాణ్ణి... ఎంత బాగా పడినా ఎవరూ చూసేవారు కాదు.

కుళ్ళు... అంతకంటే మంచి మాట నాకు దొరకలేదు.

ఆరో తరగతిలో ఉండగా బడి వార్షికోత్సవానికి వేషాల పోటీ పెట్టారు. క్లాసుకు ఒక్కరే. ఆ బొమ్మల హీరో వేషం వేస్తామని ఇద్దరం చేతులెత్తాం. సారు నా వంక సరిగా చూడనైనా లేదు.

"బస్వరాజు ఏస్తడు. వానికి మేకప్ గూడ అక్కర్లే."

ఆ సాయంత్రం వాడే నాతో అన్నాడు. "నాకు మూడేండ్లప్పుడు జరమొచ్చి దవాఖానల వడ్డనంట. నేను బతికితె నా ఎంటికలు ఇస్తనని మా అవ్వ ఝరాసంగం దేవునికి మొక్కిందంట. ఇప్పటిదాక తియ్యలే, మర్చిపోయింది. నువ్వు యాది చెయ్యకురా. పోటీ అయినంక నేనే చెప్త."

నేను రెండు రోజులు ఆగాను. మూడో రోజు అవ్వ గడప ముందు కందులు చెరుగుతుంటే వెళ్ళి కూర్చున్నాను.

"అవ్వా, బస్వరాజు ఎంటికల మొక్కు తీర్చిండ్రా?"

చేతిలో చాట ఆగిపోయింది. "ఓ శివా! ఎట్ల మర్శిపోయిన్నో! నీకెవలు చెప్పిన్రు బిడ్డా?"

"ఎవ్వలు చెప్పలే... ఊకెనే అడిగిన."

"దేవుడే నీతోని అడిగిచ్చిండు" అని నా చెంపలు నిమిరి మెటికలు విరిచింది.

ఆదివారం పొద్దున్నే ఇద్దరూ బస్సెక్కి వెళ్ళారు. సోమవారం బస్వరాజు నున్నటి గుండుతో, దాని మీద ఎండిన గంధంతో బడికి వచ్చాడు. క్లాసంతా గొల్లుమంది. వాడూ నవ్వాడు గానీ, రోజంతా చేత్తో నెత్తి తడుముకుంటూనే ఉన్నాడు.

"పరేషాన్ అయితుందిరా... అవ్వకు గిప్పుడే ఎట్ల యాదికొచ్చిందో" అన్నాడు నాతో. నేను పుస్తకం తెరిచి తల వంచుకున్నాను.

వేషం నాకు వచ్చింది. జుట్టు మాత్రం లేవదే! సబ్బు నురగ రాశాను, చక్కెర నీళ్ళు రాశాను. లేచినట్టే లేచి పడిపోయేది. పోటీ రోజు మధ్యాహ్నం బస్వరాజే గిన్నెడు చిక్కటి గంజితో మా ఇంటికి వచ్చాడు.

"సప్పుడు జెయ్యక కూసో. యాడ ఎట్ల లేవాల్నో నాకెరికె."

నన్ను ఎండలో కూర్చోబెట్టి, ఒక్కొక్క కుచ్చునూ రెండు వేళ్ళతో పట్టుకుని, ఆరేదాకా వదల్లేదు. గంట పైనే పట్టింది. అద్దంలో చూసుకుంటే... అచ్చం వాడి జుట్టే. అప్పుడైనా చెప్పేయాల్సింది. ఇప్పుడు చెబితే కడిగేసి పోతాడేమోనని ఊరుకున్నాను.

వేదిక ఎక్కగానే పిల్లలంతా ఒక్కసారి లేచారు. ఈలలు... చప్పట్లు... "బస్వా! బస్వా! బస్వా!"

అవును, వాడి పేరే! ఆ జుట్టు ఎవరి నెత్తి మీదున్నా వాళ్ళకు అది బస్వరాజే. ఆ అరుపుల్లో నా పేరు పెట్టి అరిచింది ఒక్కడే... మొదటి వరుసలో గుండుతో నిలబడి, గొంతు చించుకుంటూ వాడు.

నాకు బహుమతి కూడా వచ్చింది. దాన్ని చేతిలో పట్టుకుని దిగుతూ కూడా వాణ్ణి చూసి కుళ్ళుకున్నాను. గుండుతోనూ వాడే గెలిచాడు.

ఇప్పుడు నారాయణఖేడ్‌లో ఏ కటింగ్ షాపులోనైనా ఫోన్‌లో బొమ్మ చూపిస్తే చాలు, పావుగంటలో ఎవడి జుట్టయినా నిలబెట్టి పంపిస్తారు. మంచిదే. కానీ గంటసేపు ఎండలో నిలబడి మన జుట్టు పట్టుకునే దోస్తు అవసరం ఎవరికీ లేకుండా పోయింది...

మీరూ ఇలా ఎవరినైనా చూసి కుళ్ళుకున్నారా? ఉంటే కింద రాయండి. బస్వరాజు కూడా ఇక్కడే ఎక్కడో చదువుతుంటాడు... అవ్వకు యాది చేసింది నేనేరా.