సింగపూరు పెట్టెలూ, మా మామ కాటా

ముందుగానే ఒప్పేసుకుంటే మనసుకు తేలిక: నేను ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషిని కాను. నా నోట్లో పడిన వడ్లగింజ బొరుగై బయటికొస్తుంది. చింతామణి ఊరి చింతపండు మండీల్లో మూట తూచేటప్పుడు గోనెసంచి బరువు తీసేసి, లోపలి సరుకునే లెక్కలోకి తీసుకుంటారు. ఆ తీసేసేదాన్ని తరుగు అంటారు. నా మాటలకూ మీరు అట్లాంటి తరుగు ఒకటి తీసుకొని చదువుకుంటే మీకూ నాకూ పేచీ ఉండదు.

ఆ రోజుల్లో, అంటే దేవనహళ్ళి దగ్గర బెంగుళూరు కొత్త విమానాశ్రయం వచ్చిన కొత్తలో, మా చిక్కబళ్ళాపురం చుట్టుపక్కల జనానికి ఆకాశం మీద ఏదో హక్కు వచ్చినట్టు ఉండేది. అంతకుముందు విమానమంటే ఎక్కడో పైన జారిపోయే చుక్క. ఇప్పుడది నంది కొండ పక్కగా చక్రాలు కనబడేంత కిందుగా పోతోంది (మా ఓనరు మాటల్లో అయితే, పైలట్ మీసం కనబడేంత). ఈ ఓనరు చిక్కబళ్ళాపురం బస్టాండు ఎదురుగా, టైలరు షాపు మేడమీద, ట్రావెల్సు ఆఫీసు నడిపేవాడు. అప్పటిదాకా తిరుపతి, ధర్మస్థల, మహా అయితే కాశీ, ఇవే ఆయన ప్రపంచం. విమానాలు దగ్గరికి వచ్చేసరికి ఆయనకు సింగపూరు కనబడింది. "తిరుపతికి పోయేవాళ్ళు సింగపూరికి పోరా? రెండు చోట్లా క్యూనే కదప్పా" అనేవాడు. నాకప్పటికి ఇరవయ్యారేళ్ళు. బి.కాం. చదివి, రెండు ఉద్యోగాలు వదిలి (ఆ రెండూ నన్నే వదిలాయని మా అమ్మ ఇప్పటికీ అంటుంది) ఆయన దగ్గర చేరాను. గైడు బెంగుళూరు ఆఫీసు నుంచి వస్తాడు, జనాన్ని సింగపూరు చూపించి తీసుకొస్తాడు. వాళ్ళని ఇంటి గడప నుంచి విమానాశ్రయం గడప దాకా సిద్ధం చేసి నిలబెట్టడం నా పని. విమానం నేనెప్పుడూ ఎక్కలేదు. అందువల్ల చెప్పేటప్పుడు ఎక్కడా తడబడే అవసరం రాలేదు.

మొదటి గుంపును సంపాదించి పెట్టింది మా మామ, మా అమ్మకు అన్న. చింతామణిలో ఆయనది చింతపండు మండీ. బాగేపల్లి నుంచి, పాతపాళ్య నుంచి రైతులు మూటలు తెచ్చేవాళ్ళు. వేరే మండీలో తూచిన మూట మీద అనుమానం వస్తే మామ కాటా మీద మళ్ళీ పెట్టి చూసుకొని పోయేవాళ్ళు. ఆయన చెప్పిన తూకానికి ఎదురు చెప్పిన మనిషిని నేను చూడలేదు. అట్లాంటి మామ "పోదాం పదండి" అనేసరికి పక్క మండీల వాళ్ళు, వాళ్ళ ఆడవాళ్ళు, పాతపాళ్య నుంచి ఒక రైతు దంపతులు, మొత్తం పద్దెనిమిది మంది తయారైనారు.

సన్నాహాలు మూడు నెలలు నడిచాయి. పాస్‌పోర్టుకు పుట్టిన తేదీ కావాలంటే మా అత్త, "చెనిక్కాయలు పెరికే కాలంలో, తెల్లావు ఈనిన మూడోనాడు" అని చెప్పింది. (అది నింపడానికి ఫారంలో చోటు లేదు.) వీసా ఫోటోలో రెండు చెవులూ కనబడాలంటే, పాతపాళ్య రైతు తలపాగా తీయడానికి వారం రోజులు ఆలోచించాడు. మండీలోనే చింతపండు మూటల్ని వరసగా పేర్చి, వాటి మీద అందరినీ కూర్చోబెట్టి, గోనెతాళ్ళతో నడుములు కట్టి, సీటు బెల్టు అంటే ఇదని చూపించాను. ఒకాయన తాడు విప్పుకోలేక మధ్యాహ్నం భోజనానికి మూటతో సహా లేచాడు. బెంగుళూరు ఆఫీసు వాళ్ళు పంపిన సూచనల కాగితం ఇంటికొకటి పంచాను. కన్నడంలో, పెద్ద అక్షరాల్లో, ముందూ వెనకా నిండా ఉండేది. ఎవరూ చదవలేదు. "చదివి చెప్పేదానికి నువ్వుండావు కదా" అన్నాడు మామ.

ఇంతా అయ్యాక అసలు అడ్డం మామ దగ్గరే వచ్చింది.

"ఏమ్రా అల్లుడా, ఆడ సంగటి దొరుకుతాదా?"

"దొరకదు మామా. పూటపూటకీ ఇండియా హోటలుకే తీసుకపోతారు. అన్నం, చపాతీ, పప్పు, అన్నీ ఉంటాయి."

"ఎవరు చేసినారో, ఏ గిన్నెలో చేసినారో ఎట్ల తెలుస్తాది? నేను బయట తినను. మీ అత్త చేసిపెడతాదంటే వస్తా. లేదంటే నన్ను తీసేసి పదిహేడు మందిని తోలుకోని పో."

మామ రాకపోతే పదిహేడు మందీ రారు. అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. నేను అత్త వైపు చూశాను. అత్త, "సరే, చేస్తాలే" అంది. రాగిపిండి, ఉలవలు, చెనిక్కాయల పొడి, నిమ్మకాయ ఊరగాయ, ఒక కరెంటు స్టవ్వు, అడుగు మందంగా ఉన్న గిన్నె, సంగటి కెలికే కట్టె, ఒక్కొక్కటీ జాబితాలో చేరాయి. (ఆ కట్టె పెట్టెలో నిలువునా పట్టలేదు, అడ్డంగానూ పట్టలేదు. చివరికి మూల నుంచి మూలకు పెడితే, దాన్ని చూసి మిగతా సామాన్లన్నీ భయపడి ఒక పక్కకు ఒదిగాయి.)

రెండు రోజుల తర్వాత పాస్‌పోర్టులు ఇవ్వడానికి పోతే అత్త ఒక్కతే చెనిక్కాయలు వేయిస్తా ఉంది. పొయ్యి పక్కన పీట వేసి కూర్చోమని, నాకు గుప్పెడు పెట్టింది. నేను ఊరికే ఉండలేక, "కాశీకి కూడా పోయొచ్చినారు కదత్తా, గంగ ఎట్ల ఉండాది?" అన్నాను.

"బాగుండాదప్పా. స్టవ్వుకు పంపు కొట్టుకుంటా కిటికీలో నుంచి చూస్తిని. పదకొండు మందికి వండల్ల కదా. తిరుపతికి పోయినా అంతే, ధర్మస్థలకు పోయినా అంతే. యాడికి పోయినా నాకు కనపడేది గిన్నె అడుగే."

నేను నమలడం ఆపాను.

"నువ్వు చూపిస్తివి చూడు, ఆ సింగపూరు పుస్తకంలో బొమ్మ. నీళ్ళ పక్కన కుర్చీలో ఒకామె ఊరికే కూర్చోని ఉండాది. నాకు అట్ల ఒక పూట కూర్చోవల్ల. ఎవరైనా వచ్చి, ఏం కావల్లమ్మా అని అడగల్ల. అంతే. మీ మామతో అనద్దు. ఆయన చెడ్డోడు కాదు, అలవాటు."

ఆ రోజు నుంచి నాకు ఆ ప్రయాణంలో పద్దెనిమిది మంది కనబడలేదు, ఒక్క మనిషే కనబడింది. ఏడు రోజులూ ఆమె హోటలు గదిలో రాగిపిండి కెలుకుతూ ఉంటుందని తెలిసి, ఆమె పాస్‌పోర్టు మీద దుమ్ము తుడిచి ఇవ్వడం తప్ప నేను చేయగలిగింది ఏమీ తోచలేదు.

బయలుదేరే ముందురోజు మండీలో పెట్టెల తూకం పెట్టాడు మామ. మనిషికి ఇరవై కిలోలు, అంతకు మించితే విమానంలో ఎక్కనియ్యరు అని నేనే చెప్పాను. మామకు ఈ ఒక్క విషయంలో నా సాయం అక్కర్లేదు. కాటాకు పసుపు పెట్టి, కుంకుమ పెట్టి, ముందు పద్దెనిమిది ఖాళీ పెట్టెలూ తూయించాడు. ఒక్కొక్కటి నాలుగు కిలోలు. ప్రతి పెట్టె మీదా సుద్దముక్కతో "తరుగు 4" అని రాశాడు. తర్వాత సామాను నింపి ఇరవై నాలుగు చూపించే దాకా తూచి, నాలుగు తీసేసి, "ఇరవై, ధర్మంగా" అన్నాడు. ముప్ఫై ఏళ్ళుగా గోనె బరువు ఏ రైతు మీదా వేయని మనిషి, పెట్టె బరువు ప్రయాణికుడి మీద వేస్తారని కలలోనైనా ఎట్లా అనుకుంటాడు? అందరూ చూస్తా ఉండారు, అందరి మొహాల్లోనూ నమ్మకం.

సరిగ్గా అప్పుడు, నా చేతిలోని సూచనల కాగితం ఫ్యాను గాలికి తిరగబడింది. వెనక పక్క నేనెప్పుడూ చదవలేదు. పెట్టె బరువుతో కలిపి ఇరవై కిలోలు అని అక్కడ ఉంది. నోరు తెరిచాను. గోడ పక్కన సంగటి కట్టె పట్టుకొని నిలబడిన అత్త కనబడింది. నాలుగు కిలోలు తీయాల్సి వస్తే ఏం తీస్తారు, ఇక్కడైతే మామ ఆ కట్టెను వదులుతాడా అన్న ఆలోచన మెరుపులా మెరిసింది. తెరిచిన నోరు మూసి, కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాను. జీవితంలో అంత గంభీరంగా నేను ఏ కాగితాన్నీ మడవలేదు.

మర్నాడు పొద్దున పది గంటలకల్లా విమానాశ్రయంలో పద్దెనిమిది పెట్టెలూ బెల్టు పక్కన బారులు తీరాయి (సాగనంపేవాళ్ళ టికెట్టు కొని నేనూ లోపలికి పోయాను). మామ పెట్టె ముందు. కౌంటరులో అమ్మాయి చూసి, "సార్, నాలుగు కిలోలు ఎక్కువ ఉండాది" అంది కన్నడంలో.

"ఎక్కువ లేదమ్మా. తరుగు నాలుగు. రాసి కూడా ఉండాది చూడు."

"తరుగంటే ఏంది సార్?"

మామ ఓపిగ్గా చెప్పాడు. గోనె బరువు ఎందుకు తీయాలో, తీయని వ్యాపారికి ఎంత పాపమో, పెట్టెలో సరుకు మాత్రమే మనిషిదనీ, పెట్టె పెట్టెదేననీ. వెనక క్యూలో ఉన్నవాళ్ళందరూ విన్నారు (నాకు తెలిసి పక్క విమానం కూడా పదినిమిషాలు ఆలస్యంగా బయలుదేరింది). ఆ అమ్మాయి అంతా విని, "మీరు చెప్పేది న్యాయమే సార్. కానీ విమానం మోసేది పెట్టెను కూడా కదా" అంది.

ఒప్పుకోవడం మామకు కష్టం, కానీ కాటా ఎదురుగా నిలబడి వాదించడం అంతకన్నా కష్టం. వెనక్కి తిరిగి, "పెట్టెలు తెరవండి" అన్నాడు. ఆ నున్నటి నేల మీద పద్దెనిమిది పెట్టెలూ నోళ్ళు తెరిచాయి. నిప్పట్లు, కారాలు లాంటి చిరుతిళ్ళు, దుప్పట్లు, ఒకరి పెట్టెలో రోకలి. మామ అత్తతో, "చీరలు తీసెయ్యి" అన్నాడు.

అత్త రెండు పెట్టెల్లోని సామానూ ఒక దుప్పటి పరిచి దాని మీద పెట్టింది. గొంతు పెంచలేదు. "ఏడు రోజులకు ఏడు చీరలు. అన్నీ తీసినా మూడు కిలోలు కావు. రెండు పెట్టెలకూ కలిపి ఎనిమిది తీయల్ల. ఏం తీయల్లో మీరే చెప్పండి. తూకం మీది."

మామ వంగి కూర్చున్నాడు. దుప్పటి మీద ఉన్నవాటిని ఒక్కొక్కటే చేత్తో ఎత్తి చూశాడు. చీరలు ఎత్తి పెట్టాడు. తన పంచెలు ఎత్తి పెట్టాడు. రాగిపిండి ఎత్తాడు, స్టవ్వు ఎత్తాడు, గిన్నె ఎత్తాడు. ఒక నిమిషం అత్త మొహం వైపు చూశాడు. ఆమె నేల వైపు చూస్తోంది. పిండీ, స్టవ్వూ, గిన్నే, కట్టే ఒక పక్కకు జరిపి, "ఎనిమిది" అన్నాడు. బెల్టు మీద పెట్టి చూస్తే ఒక్కో పెట్టె ఇరవైకి ఒక గ్రాము అటూ ఇటూ కాలేదు. కౌంటరు అమ్మాయి కళ్ళు పెద్దవి చేసింది. మామ మొహంలో కాస్త వెలుగు వచ్చింది.

"తినేదానికి ఎట్ల మరి?" అంది అత్త.

"అందరూ తినేదే తింటా. చచ్చిపోనులే."

వాళ్ళు లోపలికి పోయారు. నేను పద్దెనిమిది మంది వదిలేసిన సామాను తోపుడు బండి మీద కొండలా పేర్చి, పైన జెండా కర్రలా సంగటి కట్టె నిలబెట్టుకొని బయటికి వచ్చాను. ఆ కారాలు మా ఆఫీసులో ఆరు నెలలు తిన్నాము.

తిరిగొచ్చాక చూడ్డానికి పోతే, మామ ఇండియా హోటల్లో పప్పు గురించి గంటసేపు చెప్పాడు. రెండోసారి వడ్డించుకున్న సంగతి ఆయన చెప్పలేదు, పాతపాళ్య రైతు చెప్పాడు. అత్త కాఫీ తెచ్చిస్తే మెల్లగా అడిగాను. "కూర్చుంటిరా అత్తా, నీళ్ళ పక్కన?"

"కూర్చుంటినప్పా. ఒక పిల్ల వచ్చి వంగి అడిగింది కూడా, ఏం కావల్లని. నాకేం చెప్పల్లో తెలీలే. ఎప్పుడూ ఎవరూ అడిగిండలే కదా. బాగా ఆలోచించి, ఏమీ వద్దమ్మా అంటిని. ఆ పిల్ల నవ్వి పోయింది. నేను చీకటి పడేదాకా ఆడనే కూర్చుంటిని."

ఇక నా మాట. రోకలి నిజం, మూటతో లేచిన ఆయన సగం నిజం, పక్క విమానం సంగతి మీకు తెలిసిందే. వాటికి మీరే తరుగు తీసుకొని ఉంటారు. కానీ ఒకటి మాత్రం పూర్తిగా నేను పుట్టించింది. ఆ మండీలో ఫ్యానే లేదు. కాగితం తిరగబడలేదు, నేను వెనక పక్క చదవలేదు, మడవలేదు, జేబులో పెట్టుకోలేదు. చదివి ఉంటే ఆ ఇరవై ఆరేళ్ళ వయసులో, మామ ముందు తెలివి చూపించుకోవడానికి, మండీ కప్పు ఎగిరేలా అరిచి ఉండేవాణ్ణి. వెనక పక్క చదివిన మనిషి వేరే ఉంది. బాగేపల్లి బళ్ళో ఏడో తరగతి దాకా కన్నడం చదివి, పొయ్యి పక్కన కూర్చొని ఆ కాగితం రెండుసార్లు చదువుకొని, తూకం రోజు గోడ పక్కన మాటాడకుండా నిలబడింది. ఆ రోజు కాఫీ ఇస్తూ ఆమే చెప్పింది నాకు. "నువ్వు కూడా చూసుంటావనుకుంటినే" అని ఆశ్చర్యపోయింది.

అయినా ఇన్నేళ్ళుగా ఈ కథలో ఆ కాగితం నేనే మడుస్తూ వస్తున్నాను. మొన్న ఒక పెళ్ళిలో భోజనాల పంక్తిలో కూర్చొని నలుగురికి ఇదే చెబుతుంటే, ఎదురు వరసలో అత్త కూడా తింటూ విన్నది. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్న చోటికి వచ్చేసరికి నా గొంతు తనంతట తనే తగ్గింది. ఆమె ఆకు మీద నుంచి తలెత్తి, "ఔనప్పా, ఆ పొద్దు నువ్వు చెప్పకపోతివి, మంచి పని చేస్తివి" అని, వడ్డించేవాణ్ణి పిలిచి ఇంకొంచెం పాయసం అడిగింది.