రెక్కలు కోసిన కారు

మా షెడ్ల వరసలో ఎవరికీ అసలు పేరు మిగల్లేదు. కార్ల వైరింగ్ చూస్తాను కాబట్టి నేను ‘షాకు’. పక్క షెడ్డులో సొట్టలు తీసి రేకు పని చేసే ఆయన ‘సుత్తి’. పేరు విని నస పెట్టే మనిషనుకునేరు. రోజుకి పది మాటలు దాటి మాట్లాడడు. పదకొండో మాట వినబడితే ఒంట్లో బాగాలేదేమోనని నేనే వెళ్ళి చూసొచ్చేవాణ్ణి. ఇరవై ఏళ్ళుగా మా ఇద్దరికీ మధ్య ఒక్క రేకు గోడే అడ్డం. ఇన్నేళ్ళలో ఆయన భయపడగా నేను చూసింది ఒక్కసారే. ఆ భయం నాకూ అంటుకుంది, ఇంకా పూర్తిగా వదల్లేదు.

షెడ్డు ఆయనకి వాళ్ళ నాన్న నుంచి వచ్చింది. ఆ పెద్దాయన్ని మేం పెద్దమేస్త్రీ అంటాం. డెబ్బై ఎనిమిదేళ్ళు. చేతులు వణికి చెంచా పట్టుకోలేడు, కోడలే మూడు పూటలా తినిపిస్తుంది. ఒకప్పుడు ఆ చేతులు సొట్ట తీస్తే, దెబ్బ ఎక్కడ తగిలిందో కారు సొంతదారు కూడా చూపించలేకపోయేవాడట. ఆయనకో అలవాటుండేది. పని పూర్తయ్యాక రేకు లోపలి వైపు, ఎవరి కంటా పడని చోట, పంచ్ అనే మొన ఉలి పెట్టి మూడు చుక్కలు కొట్టేవాడు. వాటి కింద తేదీ, అదీ చుక్కల్లోనే. పొగడ్త ఎవరికి దక్కినా లోపల మాత్రం తన గుర్తు ఉండి తీరాలి. కొడుక్కీ అదే అలవాటు వచ్చింది.

పోయినేడు కళ్ళ డాక్టరు ఒకాయన పాత అమెరికా కారొకటి లారీ మీద తెచ్చి సుత్తి షెడ్డులో దింపించాడు. మూతపడ్డ మిల్లు గోదాములో దొరికిందట. పడవంత పొడుగు, నల్ల రంగు, లోపలంతా ఎలకల కాపురం. ముందు నుంచి చూస్తే దొరలా ఉంది, వెనక్కి వెళ్ళి చూస్తే బోసిగా ఉంది. ఫ్యాక్టరీలోంచి బయటికొచ్చిన రోజున ఎలా ఉందో అలా చెయ్యాలని డాక్టరు పంతం. దాని చరిత్రంతా ఒక ఫైలులో పెట్టి పాత కార్ల ప్రదర్శనకి తీసుకెళ్తాడట. తలుపు చట్రం మీద రేకు ముక్కలో ఉన్న నంబరు రాసుకుని, ఆ రకం కార్ల పాత కాగితాలు దాచే సంఘం ఒకటుంటే దానికి ఉత్తరం రాశాడు. రవాణా ఆఫీసు చుట్టూ తిరిగి పాత పుస్తకాలు తీయించాడు. మొదట ఆ కారు ఓడరేవులో ఎవరో విదేశీ మేనేజరు దగ్గరుండేదని, ముప్ఫై నాలుగేళ్ళ కిందట మా ఊరి మిల్లు కాంట్రాక్టరు కొన్నాడని, కొన్న నెలకే రంగు నలుపుకి మార్పించాడని తేలింది. ఆ కాంట్రాక్టరు పోయి పదిహేనేళ్ళయింది.

సుత్తి తన పద్ధతిలో తను వెతికాడు. తలుపు మీద బొటనవేలంత మేర నీళ్ళు చల్లి గరుకు కాగితంతో రుద్దాడు. నలుపు పోయింది. దాని కింద ఎర్రటి ప్రైమరు పూత పోయింది. అడుగున లేత ఆకుపచ్చ తేలింది.

“ఆకుపచ్చా?” అన్నాడు తనలో తనే. నేను పట్టించుకోలేదు.

వారం తర్వాత డాక్టరు ఉత్తరానికి జవాబు పట్టుకుని కొత్త పెళ్ళికొడుకులా వచ్చాడు. అందులో ఫొటో ఉంది. అదే రకం కారు, లేత ఆకుపచ్చ రంగు. వెనక రెండు పక్కలా ఎత్తుగా, కోసుగా పైకి లేచిన రెక్కలు.

“చూశావా మేస్త్రీ! ఎవడో దౌర్భాగ్యుడు రెక్కలు కోసి పారేశాడు. నువ్వు మళ్ళీ మొలిపించాలి!” అన్నాడు డాక్టరు.

సుత్తి మొహంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. డాక్టరుకి అర్థం కాలేదు గానీ నాకు అర్థమైంది.

సుత్తి భార్యని నేను వదినా అని పిలుస్తాను. ముప్ఫై నాలుగేళ్ళ కిందట, ఆవిడకి తొమ్మిదేళ్ళప్పుడు, వాళ్ళ నాన్న సైకిలు వెనక కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్తుంటే, మలుపులో ఒక కారు గుద్దేసి ఆగకుండా పోయింది. ఆయన అక్కడికక్కడే ప్రాణం విడిచాడు. పిల్ల తుప్పల్లో పడి బతికింది. పోలీసులడిగితే ఆకుపచ్చ కారని, దానికి రెక్కలున్నాయని చెప్పింది. అందరూ నవ్వారు. కారుకి రెక్కలేంటమ్మా, ఎగిరిపోయిందా అన్నారు. కేసు అక్కడితో ఆగిపోయింది. బడిలో పిల్లలు చేతులు చాపి ఎగురుతున్నట్టు ఆవిడ చుట్టూ పరిగెత్తేవాళ్ళట. ఇదంతా మాకు వదినే నవ్వుతూ చెప్పింది. “తలకి దెబ్బ తగిలింది కదా, ఏదో కనబడుంటుందిలే” అనేది చివర్లో. కానీ ప్రతి ఏడూ ఆ తేదీన మాత్రం ఎవరితోనూ మాట్లాడదు. కాబట్టి ఆ తేదీ మాకందరికీ తెలుసు.

డాక్టరు వెళ్ళగానే సుత్తి డిక్కీలోకి దూరాడు. నన్ను టార్చి పట్టుకోమన్నాడు. చిన్న అద్దం ఒకటి మూలల్లోకి పెట్టి చూశాడు. రెక్కలుండాల్సిన చోట రేకు కోసి, అంచు మడిచి, వెల్డింగ్ చేసి, పైన సీసం పోసి ఆకురాయితో నున్నగా రాసిన పని. ముప్ఫై నాలుగేళ్ళు ఎవరికీ అనుమానం రానంత గొప్ప పని. టార్చి కాస్త పక్కకి జరపమన్నాడు. అద్దంలో మూడు చుక్కలు కనబడ్డాయి. వాటి కింద తేదీ. వదిన నోరు విప్పని రోజుకి సరిగ్గా నాలుగో రోజు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏం మనుషులండీ! పాపం దాచిపెట్టే పని చేస్తూ కూడా చేతి అలవాటు మానుకోలేక దాని మీద సంతకం పెట్టాడు పెద్దమేస్త్రీ. అక్కడికక్కడే నాలుగు తిట్టేవాణ్ణే గానీ సుత్తి డిక్కీలోంచి బయటికి రావడం లేదు. లోపలే మోకాళ్ళు ముడుచుకుని పడుకున్నాడు.

“మీ వదినని చేసుకోమంది మా నాన్నేరా” అన్నాడు లోపల్నుంచి. “నేను పిల్లని చూడకముందే మాటిచ్చొచ్చాడు. ఎందుకో ఇప్పుడు తెలిసింది. ఈ సంగతి తెలిస్తే తను నా ఇంట్లో ఉంటుందా?”

ఆ భయం నాకు అంటుకుంది అప్పుడే. టార్చి ఆర్పేశాను.

పని వదిలేస్తానని డాక్టరుకి చెప్పి చూశాడు. నీకు తప్ప ఇంకెవరికీ చేతకాదని ఆయన భుజం తట్టి వెళ్ళిపోయాడు. నేనో దిక్కుమాలిన సలహా ఇచ్చాను. “అన్నా, రెక్కలు కాస్త పొట్టిగా, గుండ్రంగా కొట్టెయ్. వదిన చూసినా గుర్తుపట్టదు” అన్నాను. సరేనని అలాగే కొట్టాడు. మూడు రోజులు వాటి చుట్టూ తిరిగాడు, మొహం తిప్పుకున్నాడు, మళ్ళీ తిరిగాడు. నాలుగో రోజు కోసి అవతల పడేసి ఫొటోలో ఉన్నట్టే చెయ్యడం మొదలెట్టాడు. తప్పుడు రేకు కొట్టడం ఆయన వల్ల కాలేదు. తండ్రిని మనసులో ఏమనుకున్నానో అదే మాట కొడుకుని పైకే అన్నాను. విననట్టే రేకు మీద దెబ్బలేస్తూ పోయాడు.

అలా రెండు నెలలు. రేకు మీద పడ్డ ఒక్కో దెబ్బకీ ఆ కారు వదిన చెప్పిన కారులా మారుతోంది. పైన టార్పాలిన్ కప్పి, నాలుగు మూలలా తాళ్ళు బిగించేవాడు. భోజనం తేవద్దని, ఇంటికే వచ్చి తింటానని వదినకి చెప్పాడు. ఇంటికెళ్తే ఎదురుగా ఆవిడ పెద్దమేస్త్రీకి తినిపించి గడ్డం తుడుస్తూ ఉండేది. ముద్ద దిగక లేచి వచ్చేసేవాడు. ఆడవాళ్ళ చెప్పుల చప్పుడు ఎక్కడ వినబడినా ఇద్దరం టార్పాలిన్ తాళ్ళ వైపు పరిగెత్తేవాళ్ళం. చెప్పెయ్యమని నేను పదిసార్లు అన్నాను. రేపు అని పదిసార్లు అన్నాడు.

ఆకుపచ్చ రంగు కొట్టిన రెండో రోజు మధ్యాహ్నం వదిన క్యారియరు పట్టుకుని వచ్చేసింది. సుత్తి లోపల చక్రం బిగిస్తున్నాడు. నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను.

“లోపల కరెంటు పని నడుస్తోంది వదినా, షాకు కొడుతుంది.”

“నిన్ను మించిన షాకా, తప్పుకో” అంది. “రెండు నెలలుగా మనిషి తిండి మానేశాడు, నిద్దట్లో ఉలిక్కిపడుతున్నాడు. ఎవత్తెనైనా దాచిపెట్టాడా లోపల?”

నవ్వుతూనే లోపలికొచ్చి తాడు ముడి లాగింది. టార్పాలిన్ ఒక పక్కకి జారింది. ఆవిడ నవ్వు ఆగిపోయింది.

క్యారియరు నేల మీద పెట్టింది. కారు వెనక్కి వెళ్ళి, రెక్క అంచు మీద వేలు పెట్టి, ఆ చివర నుంచి ఈ చివర దాకా మెల్లగా రాసింది. తర్వాత, సైకిలు మీంచి పడ్డ పిల్ల ఎక్కణ్ణుంచి చూస్తుందో అక్కణ్ణుంచి చూడాలన్నట్టు, నేల మీద చతికిలబడి పైకి చూసింది.

“నేను అబద్ధం చెప్పలేదు” అంది. ఏడుస్తోంది. “చూశావా తమ్ముడూ? ఉన్నాయి. నేను అబద్ధం చెప్పలేదు.”

నాకూ కళ్ళనీళ్ళు తిరిగాయి. అంతలోనే గోడ మీద, ఈ కారే రెక్కల్లేకుండా నల్లగా ఉన్నప్పటి ఫొటో ఆవిడ కంట పడింది. మొగుడి వైపు తిరిగింది.

“ఇవి లేకుండా పోయాయి కాబట్టే ఎవరూ నమ్మలేదు. ఎవరు కోశారు?”

ఏదో ఒకటి చెప్పెయ్ అన్నట్టు నేను కళ్ళతో సైగ చేశాను. సుత్తి నన్ను చూడలేదు. స్పానరు కింద పెట్టాడు.

“నాన్న” అన్నాడు.

వదిన కొంగుతో మొహం తుడుచుకుని ఇంటి దారి పట్టింది. మేమిద్దరం వెనకాలే, ఆమెకి నాలుగడుగుల దూరంలో నడిచాం. పెద్దమేస్త్రీ కుర్చీలో కూర్చుని భోజనం కోసం ఎదురుచూస్తున్నాడు. వదిన ఎదురుగా పీట లాక్కుని కూర్చుంది.

“మావయ్యా, మా నాన్నని కొట్టిన కారుకి రెక్కలున్నాయని మీకు తెలుసా?”

పెద్దాయన కొడుకు మొహం చూశాడు, నా మొహం చూశాడు. తెలిసిపోయింది.

“తెలుసమ్మా.”

“ఎప్పట్నుంచి?”

“ఊళ్ళో కార్లన్నీ నాకు తెలుసని, మర్నాడు స్టేషన్‌కి పిలిచింది నన్నే. నువ్వు తలకి కట్టుతో బల్ల మీద కూర్చున్నావు. రెక్కల కారు ఉంటుందా అని అడిగారు. ఉండదన్నాను.” చేతులు ఒళ్ళో దాచుకున్నాడు. “అప్పటికి ఆ రెక్కలు నా షెడ్డులో గోనెసంచుల కిందున్నాయి. ఆ కారు ఊళ్ళోకి వచ్చిందే ముందు రోజు, నేను తప్ప ఎవరూ దాన్ని సరిగ్గా చూళ్ళేదు. షెడ్డు కాంట్రాక్టరు స్థలంలో ఉండేది. కాదంటే వెళ్ళగొడతాడని భయపడ్డాను తల్లీ.”

“మీరూ నవ్వారా?”

“నవ్వలేదు. అందరూ నవ్వుతుంటే చూస్తూ నిలబడ్డాను.”

వదిన తిట్టలేదు, గుండెలు బాదుకోలేదు. తిట్టి ఉంటే నాకంత భయం వేసేది కాదు. లేచి ఆయనకి ఉతికిన చొక్కా తొడిగి, ఒక్కొక్క బొత్తామే పెట్టింది. చెప్పులు తెచ్చి కాళ్ళ ముందు వేసింది. “రండి, అదే స్టేషన్‌లో ఇప్పుడు నిజం చెప్పండి” అంది. ఆయన ఒక్కడే నడవలేడు, అందుకని ఆవిడే రెక్క పట్టుకుని నడిపించింది. సుత్తి రెండో పక్క పట్టుకోబోతే చెయ్యి అడ్డం పెట్టి వద్దంది.

స్టేషన్‌లో రైటరు కుర్రవాడు, ఈ గొడవ జరిగేటప్పటికి పుట్టి కూడా ఉండడు. “కేసు ఎప్పుడో మూసేశారు కదమ్మా, కొట్టినాయన కూడా లేడంటున్నారు. ఇప్పుడు రాసి ఏం లాభం?” అన్నాడు.

“లాభం సంగతి నేను చూసుకుంటాను. తొమ్మిదేళ్ళ పిల్ల చెప్పింది నిజమేనని రాయండి” అంది వదిన.

పెద్దమేస్త్రీ చెబుతుంటే అతను రాసుకున్నాడు. అంతా అయ్యాక తలెత్తి అడిగాడు.

“మీరు ఈయనకి ఏమవుతారు?”

వదిన పెద్దాయన మొహం చూసింది. గుమ్మం దగ్గర నా పక్కనున్న సుత్తి ఒకడుగు ముందుకేశాడు.

“చనిపోయినాయన కూతుర్నని రాయండి” అంది. “కోడలి సంగతి నేనింకా తేల్చుకోలేదు.”