బెల్టుకి కొత్త చిల్లు

"బిడ్డ పుట్టేసరికి మన దగ్గర డబ్బు చాలకపోతే?"

భార్య కుట్లపిన్ని ముందు చేతులు చాపి నిలబడి ఉంది, నడుం చుట్టూ టేపు. భర్త ఆ ప్రశ్న పొద్దున పళ్ళు తోముకుంటూ ఒకసారి అడిగాడు, దారిలో ఒకసారి అడిగాడు, ఇప్పుడు మళ్ళీ అడిగాడు.

కుట్లపిన్ని ఆమెకి సొంత పిన్ని. వీధిలో మిగతావాళ్ళకి ఊరికే పిన్ని. బజారు వెనక ఇరుకు గది, అందులో ఒక మిషను, ఒక ఇస్త్రీ బల్ల. కొత్త బట్టలు కుట్టదు. వదులైనవి బిగిస్తుంది, బిగుతైనవి వదులు చేస్తుంది. "జనం లావెక్కినా నాకు గిరాకీయే, చిక్కినా గిరాకీయే" అంటుంది. నోటినిండా గుండుసూదులున్నా ఆవిడ మాట ఆగదు.

అతను నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో పనిచేస్తాడు. ఓవర్‌టైం ఆపేసిన దగ్గర్నుంచీ బుర్రలో ఒకటే గోల: కాన్పు ఖర్చు, ఆపరేషనైతే ఇంకెంత, అద్దె ఎలా. ల్యాబులో ఏ కొలత పక్కనైనా అది ఎంత అటూ ఇటూ కావచ్చో రాస్తారు. ఇంటి ఖర్చుకీ అలాగే రాద్దామని కూర్చుంటే, పక్కన రాయాల్సిన ఆ తేడాయే అసలు అంకెని మించిపోయింది.

దానికి తోడు మొన్న డాక్టరమ్మ పెదవి విరిచింది. భార్యకి రక్తం తక్కువట. మాత్రలు రాసిచ్చినా పెరగలేదట. ఇలాగే ఉంటే తల్లికీ బిడ్డకీ కష్టమంది. మాత్రలు ఎందుకు పనిచేయట్లేదో అతనికి అంతుపట్టలేదు.

"నీ కొలతలు అయ్యాయే. ఇంకేమైనా ఉన్నాయా?" అంది పిన్ని.

భార్య సంచిలోంచి అతని ప్యాంటు తీసింది. "ఇది బిగించాలి పిన్నీ. జారిపోతోందట."

పిన్ని అతన్ని ఎగాదిగా చూసింది. "అల్లుడుగారూ, కడుపుతో ఉన్నది మా పిల్ల కదా. మీరెందుకు ఇలా కరిగిపోతున్నారు?"

"నడుస్తున్నానత్తయ్యా. ఒంటికి మంచిదని."

"ఏదీ, ఆ బెల్టు చూడనివ్వండి."

బెల్టుకి కొత్త చిల్లు ఉంది. ల్యాబులో కార్కులకి చిల్లులు పెట్టే గొట్టంతో తనే పెట్టుకున్నాడు, గుండ్రంగా, ముచ్చటగా.

"మధ్యాహ్నం తింటున్నారా?"

అతను నేల చూపులు చూశాడు. "క్యాంటీను మానేశాను. ఒక్క పూటేగా."

"బస్సు కూడానా?"

అతను తలూపాడు.

"నాతో ఒక్క ముక్క చెప్పలేదేమండీ!" భార్య గొంతు పెంచింది. "బాక్సు కట్టిస్తానంటే క్యాంటీన్లో బాగుంటుందన్నారుగా!"

"నువ్వు కంగారు పడతావని..."

"ఇప్పుడు పడట్లేదా మరి!"

"ఆగవే" అంది పిన్ని. "ఆయన సంగతి తేలింది. నువ్వేం మానేశావు?"

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మాత్రలు... రోజు విడిచి రోజు వేసుకుంటున్నా. అట్ట ఎక్కువ రోజులు వస్తుందని."

అతను తిండి మాని దాచిన డబ్బు బీరువాలో, బట్టల కింద, కవర్లో పడి ఉంది. దాంతో అలాంటి అట్టలు ఎన్నో వచ్చేవి.

పిన్ని తిట్టలేదు. స్టూళ్ళు లాగి ఇద్దర్నీ కూర్చోబెట్టింది. "మీ బాబాయీ ఇంతే. మా పెద్దది కడుపులో ఉన్నప్పుడు డబ్బు మిగులుతుందని కళ్ళజోడు మార్చుకోకుండా వ్యాను నడిపాడు. పోయిపోయి ఓనరు ఇంటి గోడకే గుద్దాడు! ఆ గోడ కట్టించిన డబ్బుతో వీధంతటికీ కళ్ళజోళ్ళు కొనచ్చు."

భార్య ఏడుస్తూనే నవ్వింది. అతనికి నవ్వు రాలేదు. "అత్తయ్యా, మరి డబ్బు చాలకపోతే?" అన్నాడు మళ్ళీ.

"చాలకపోతే అప్పుడు ఇద్దరూ కూర్చుని చూసుకోండి. ఇప్పుడైతే ఒకరికి తెలీకుండా ఒకరు ఎండిపోతున్నారు."

ఆ సాయంత్రమే కవరు బీరువాలోంచి బయటికొచ్చింది, మాత్రలొచ్చాయి. తర్వాతి పరీక్షలో రక్తం కొంచెం పెరిగింది. కొంచెమే. డాక్టరమ్మ ఇంకా పూర్తిగా నవ్వలేదు, అతని భయమూ పూర్తిగా పోలేదు. కానీ ఇప్పుడు ఆ ఇంట్లో కంచాల ముందు కూర్చోగానే ముందు ఆమె అడుగుతుంది: "ఇవాళేమైనా మానేశారా?" తర్వాత అతను అడుగుతాడు: "నువ్వేమైనా మానేశావా?" ఆ రోజు ప్యాంటు చేతికిస్తూ పిన్ని చెప్పిన పద్ధతి అది.

"ఖర్చు పెట్టింది చెప్పకపోయినా పర్వాలేదు. మానేసింది మాత్రం ఏ రోజుది ఆ రోజు ఒకరికొకరు చెప్పుకోండి."