పట్టుదారం బిగిసిన కాలు

మా ధర్మవరం కళాశాల ప్రయోగశాలలో ఎలుకల పెంపకం ఆపేస్తున్నారంటే, మిగిలిన రెండు తెల్ల ఆడ ఎలుకలను మా ఇంటికి తెచ్చుకున్నాను. ఇంట్లోనే చీరలు నేసే మా అక్క మగ్గం మీదినుంచి తల కూడా ఎత్తలేదు.

"చేన్లో శెనక్కాయలు దోసుకుండేవాటికి నువ్వు ఇల్లు కట్టిస్తావేమిరా?"

పక్కింటాయన గోడ మీదుగా తొంగిచూశాడు. "వినాయకుని వాహనమప్పా, మొక్కుకో!"

"ఆ బొజ్జతో ఆయనెక్కితే దీని నడుమేమైతాదో ముందు చెప్పన్నా."

"నమ్మేటోళ్లకు ఒకటీ దొరకలే, నమ్మనోనికి రెండొచ్చినాయి!" అని నవ్వుతూ పోయాడు.

తలుపు ఊడిన పాత బీరువాకు సన్న జాలీ బిగించాను. లోపల అడ్డంగా పడుకోబెట్టిన మట్టికుండ, దాని మీద తడిపిన గోనెపట్ట. మా ఎండలకు వేరే దారి లేదు. పరుపుగా మగ్గం కింద పోగైన పట్టుదారపు తుంపులు వేశాం. అంతకన్నా మెత్తనిది ధర్మవరంలో ఎవరికి తోస్తుంది?

వాటిని బలవంతంగా పట్టుకోకూడదని నా నియమం. రోజూ అరచెయ్యి లోపల పెట్టి కూర్చునేవాణ్ణి. ఎవరినైనా ఒప్పించాలే గాని లొంగదీయకూడదని హేతువాద సభల్లో గొంతు చించుకున్నవాణ్ణి, ఎలుక దగ్గర మాట మారుస్తానా? పెద్దది కొద్ది రోజులకే చేతిలోకెక్కింది. చిన్నది మాత్రం కుండ వదల్లేదు.

ఒక ఉదయం చిన్నది కుండ మూతి దగ్గర వెనక కాలు ఈడుస్తూ కనిపించింది. దారం చుట్టుకుని బిగిసి, పాదం ఉబ్బి నల్లబడుతోంది. దారం తెంపకపోతే కాలు పోతుంది. పట్టుకుని లాగితే ఇక ఎప్పటికీ నా చేతికి రాదు. చివరికి తువ్వాలు అందుకున్నాను.

"గుంజబాకురా!" అక్క మగ్గం దిగి వచ్చింది. "బెదిరి లాక్కుంటే ఇంకా బిగుస్తాది. చెయ్యి పెట్టు, సూద్దాం."

పెట్టాను. పెద్దది వచ్చి నా వేళ్లు నాకి కుండలోకి వెళ్లింది. మళ్లీ వచ్చింది, మళ్లీ వెళ్లింది. మూడోసారి దాని వెనకే చిన్నది వచ్చింది. మీసాలు వణుకుతుండగా నా అరచేతి అంచు వాసన చూసి, మెల్లగా ఎక్కి, ఆ కాలు నా బొటనవేలి మీదికి చాచి పడుకుంది.

అక్క కత్తెర మొనను దారం కిందికి దూర్చింది. చల్లని ఇనుము ఒంటికి ఆనుతున్నా ఆ ప్రాణి కదల్లేదు. దాని గుండె దడ నా చర్మానికి ఎడతెగని వణుకులా తెలుస్తోంది. దారం తెగింది.

ఇక పారిపోతుందనుకున్నాను. పోలేదు. నల్లబడ్డ పాదంలోకి గులాబీ రంగు కొద్దికొద్దిగా తిరిగి రావడం నా కళ్లముందే చూశాను.

"నిన్ను నమ్మిందిరా," అంది అక్క గొంతు తగ్గించి.

"నొప్పికి సోలిపోయిందేమో. తెలీకుండా ఎట్లా చెప్పేదక్కా?"

"ఈడ గూడా వాదమేనా? నోరు మూసుకో, బెదురుతాది." ఆమె దారాలన్నీ ఏరి పారేసింది. "నీ వ్యాసాలుండే పాత పత్రికలు యాడ పెట్టినావు? సన్నగా చించి పరుస్తా."

"అక్కా!"

"ఇన్నేండ్లకు ఎవరికన్నా మెత్తగా తగుల్తాయిలే."

నవ్వితే చెయ్యి కదులుతుందని ఊపిరి బిగబట్టాను. చిన్నది తన పాదాన్ని నాకుతూ నాకుతూ, అదే వరసలో నా బొటనవేలిని కూడా నాకింది. రెండింటికీ తేడా చూడలేదు.