రాతిమీసం

ఆ రోజుల్లో రోజులకు ఇన్ని పేర్లు ఉండేవి కావు. సంత రోజు, తలంటు రోజు, బడి సెలవు రోజు, ఈ మూడింటితోనే మా బాల్యం హాయిగా గడిచిపోయింది. ఇప్పుడలా కాదు. మా అమ్మాయి పొద్దున్నే ఒక చేత్తో కాఫీ గ్లాసు, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని, లోకం ఆ రోజు ఏ దినం జరుపుకుంటోందో నాకు చదివి వినిపిస్తుంది. గొడుగుల దినం, గాడిదల దినం, జత తప్పిన మేజోళ్ల దినం (ఇది మా ఇంట్లో ఏడాది పొడవునా జరుగుతుంది). నేను "ఓహో" అంటూ పేపరు తిప్పుకుంటూ ఉంటాను. మొన్న మాత్రం "నాయనా, ఈ రోజు మీసాల దినమంట" అంది. అని ఊరుకోకుండా, "అవుగానీ, నువ్వెందుకు ఎప్పుడూ మీసం పెట్టుకోలేదు?" అని అడిగింది. నా చేతిలో పేపరు ఆగిపోయింది.

మా సీమలో మీసం లేని మగవాడు ఎక్కడికి వెళ్లినా జవాబు చెప్పుకోవాల్సిందే. నా పెళ్లిచూపుల్లో మా ఆవిడ మేనమామ నన్ను పైనుంచి కిందికి చూసి, "పిల్లోడు బాగనే ఉండాడు గానీ, మీసం ఏమాయప్పా?" అని అందరిముందూ అడిగేశాడు. "చర్మానికి పడదండీ" అన్నాను. ముప్పై ఏళ్లుగా అదే మాట చెబుతూ వస్తున్నాను. నా చర్మానికి ఏ జబ్బూ లేదు. నా మీసం నంద్యాలలో ఒక బడి ఆవరణలో, నల్లరాతిలో, ఎండకు ఎండి వానకు తడుస్తూ ఉంది. అది చూసినప్పుడల్లా సిగ్గుతో నా మెడ వంగిపోతుంది.

ఆ బడిలోనే నేను చదువుకున్నాను, తర్వాత ఆ బడిలోనే సోషల్ చెప్పే అయ్యవారినయ్యాను. అక్కడ మాకు లెక్కలు చెప్పిన, ఒత్తు మీసాల సారు ఒకాయన ఉండేవారు. కొట్టేవారు కాదు, తిట్టేవారు కాదు. బోర్డు దగ్గర మేము లెక్క చేస్తుంటే కళ్లజోడు పైనుంచి చూస్తూ, ఎడమ కనుబొమ్మ పైకెత్తి, కింది పెదవి ఒక పక్కకు తిప్పి, "ఆఁ... తర్వాతప్పా?" అనేవారు. తర్వాత ఏమిటో మాకు తెలిసేది కాదు. ఆ మూతి, ఆ కనుబొమ్మ, ఆ గొంతు నాకు మాత్రం బాగా పట్టుబడ్డాయి. లెక్కల్లో ముప్పై దాటని నేను, ఆయనను అనుకరించడంలో నూటికి నూరు. ఆయన తరగతి దాటగానే బల్ల ఎక్కి "ఆఁ... తర్వాతప్పా?" అంటే పిల్లలు కడుపులు పట్టుకుని నవ్వేవాళ్లు. పరీక్షలో తప్పిన వాణ్ని ఇంటికి పిలిచి, ఆదివారం చర్చి నుంచి రాగానే అన్నం పెట్టి మరీ లెక్కలు చెప్పిన మనిషి ఆయన (ఆ అన్నం తిన్నవాళ్లలో నేను మొదటివాణ్ని). ఆయననే అలా చేశానని ఇప్పుడు రాయడానికి కూడా కలం మొరాయిస్తోంది.

ఉద్యోగంలో ఉండగానే, ఒక ఎండాకాలం, రెండు రోజుల జ్వరంతో సారు పోయారు. మరుసటి ఏడాది పాత విద్యార్థులంతా కూడి, ఆయన రాతి బొమ్మ ఒకటి బడిలో పెట్టాలని తీర్మానించారు. రాతి బొమ్మ అంటే మా వైపు ఆళ్లగడ్డ శిల్పులే. "ఆళ్లగడ్డకు ఎవరు పోతారు?" అని హెడ్మాస్టరు అడగడం ఆలస్యం, నా చెయ్యి లేచింది. "మా అత్తది ఆడనే సార్, నాకు అంతా తెలుసు" అన్నాను. (నాకు తెలిసిందల్లా మా అత్త వంటిల్లు.)

ఫొటో కోసం సారు భార్య దగ్గరికి వెళ్లాను. ఆమెను మేమంతా అమ్మా అనే పిలిచేవాళ్లం. మొదట ఆమె జంకింది. "విగ్రహం అంటే మా పాస్టరయ్య ఏమంటాడో నాయనా" అంది.

"మొక్కేదానికి గాదమ్మా, చూసుకునేదానికి" అన్నాను, పెద్ద ఆరిందాలాగా.

"చూసుకునేదానికైతే సరే" అని లోపలికి వెళ్లి, గోడకున్న పటం దించి, వెనక మేకులు పీకి, లోపలి ఫొటో తీసి ఇచ్చింది. "పెండ్లి ఫొటో చెదలు తినేసె. ఇది ఒకటే ఉండేది. భద్రం నాయనా" అని చెంగుతో తుడిచి మరీ ఇచ్చింది. నేను దాన్ని రెండు అట్టల మధ్య పెట్టి, గోధుమరంగు కవరులో దూర్చి, గుండెకు హత్తుకుని బయల్దేరాను. ఆ క్షణం వరకూ నా బుద్ధి సక్రమంగానే ఉంది.

మా బస్టాండులో సీటు కావాలంటే మెట్లెక్కి వెతుక్కోవడం చేతకానివాళ్ల పని. బస్సు ఇంకా తిరుగుతుండగానే కిటికీలోంచి తువ్వాలు విసరాలి. తువ్వాలు పడిన సీటు మనది, దాని మీద ఎవరూ మాట్లాడరు. కానీ నేను అయ్యవారిని కదా, భుజాన తువ్వాలు వేసుకుంటే నామోషీ. చేతిరుమాలేమో కొత్తది, ఎవడైనా కొట్టేస్తాడేమోనని భయం. అవి పెళ్లిళ్ల రోజులు, ప్లాట్‌ఫారం మీద జనం కిక్కిరిసి ఉన్నారు. బస్సు లోపలికి తిరగడమే చూశాను, అందరితోపాటు పరిగెత్తాను, నా చేతిలో ఉన్న కవరు కిటికీలోంచి లోపలికి విసిరేశాను. అట్టలున్నాయి కదా, చక్కగా ఎగిరి సీటు మధ్యలో పడింది. నా గురికి నేనే మురిసిపోయాను.

తలుపు దగ్గర ఇరవై మంది వేలాడుతున్నారు. లోపలికి పోలేక ఫుట్‌బోర్డు మీది మనిషిని, "ఆళ్లగడ్డకేనా అన్నా?" అన్నాను.

"డోన్‌కప్పా. బోర్డు జూసుకోవా ఏంది?" అన్నాడాయన.

అంతలో కండక్టరు రైట్ అన్నాడు. బస్సు కదిలింది. "నా కవరు! నా కవరు!" అని అరుస్తూ పక్కనే పరిగెత్తాను. నేను పట్టిన సీట్లో అప్పటికే ఒక అవ్వ స్థిరపడింది. నా కవరుతో తాపీగా విసురుకుంటోంది. నేను చేతులు ఊపితే, పాపం, సాగనంపడానికి వచ్చిన వాణ్ననుకుందేమో, ఆమె కూడా కవరు ఊపింది. అలా సారు ముఖం పైకీ కిందికీ ఊగుతూ గేటు దాటి డోన్ వైపు వెళ్లిపోయింది.

తిన్నగా వెనక్కి వెళ్లి అమ్మ కాళ్లమీద పడి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. పిరికివాడికి నిజం కంటే బస్సు దగ్గర. పక్కనే ఆళ్లగడ్డ బస్సు నిలబడి ఉంటే ఎక్కేశాను. సీటు కూడా ఖాళీగానే దొరికింది.

అక్కడ ఒక ముసలి శిల్పి, ఊరంతా పెద్దాచారి అంటారు, రాతిపొడి నిండిన కనురెప్పలతో నన్ను చూసి, "ఫొటో ఏదప్పా?" అన్నాడు.

"వస్తాది. అంతలోపల నేను చెప్తా, మీరు గీసుకోండి" అన్నాను.

"సరే చెప్పు. ముక్కు ఎట్లుంటాది?"

"ముక్కు... నిటారుగా, మామూలుగా."

"మామూలు ముక్కు నా నలభై ఏండ్లలో ఒకటీ జూడలే. గడ్డం?"

"అదీ మామూలే."

పెద్దాచారి బొగ్గు కింద పెట్టేశాడు. "ఇట్ల గాదు గానీ, ఆయప్ప ఎట్ల మాట్లాడతాడో, ఎట్ల జూస్తాడో తెలుసా నీకు?"

తెలుసా అని నన్నడుగుతారా! లేచి నిలబడి, ఎడమ కనుబొమ్మ ఎత్తి, పెదవి పక్కకు తిప్పి, "ఆఁ... తర్వాతప్పా?" అన్నాను. చెక్కుతున్న సుత్తులన్నీ ఆగిపోయాయి. పెద్దాచారి ముఖం వెలిగింది. "అట్లనే ఉండు! కదలొద్దు!" అని బొగ్గు అందుకున్నాడు. ఆ కనుబొమ్మను అలా ఎంతసేపు నిలబెట్టానో ఇప్పుడు చెప్తే నమ్మరు. దవడ తిమ్మిరెక్కింది, కంటిలోంచి నీళ్లు కారాయి. "కండ్లజోడు, మీసం నేను పెట్టుకుంటాలే" అన్నాడాయన. మీసం మాత్రం ఒత్తుగా ఉండాలని నేను పట్టుబట్టాను.

మరుసటి ఆదివారం డోన్ వెళ్లాను. కనిపించిన ప్రతి కండక్టరునూ అడిగాను. "కవరా? ఈడ మనుషులు తప్పిపోతేనే దొరకరు" అన్నాడొకాయన. అమ్మకు మాత్రం, "ఫొటో ఆచారి దగ్గర ఉందమ్మా, పని అయిపోతానే తెస్తా" అని అబద్ధం చెప్పాను. ఆమె మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ అదే చెప్పాను. గోడమీద ఖాళీ పటం అలాగే వేలాడుతుండేది. ఆ గోడవైపు చూడకుండా మాట్లాడటం అలవాటు చేసుకున్నాను.

బొమ్మ తయారైంది. "పోలిక వచ్చిందా?" అని పెద్దాచారి అడిగితే, ఎక్కడో బాగా చూసిన ముఖంలాగే అనిపించి, "అచ్చం సారే" అన్నాను. ఎవడి ముఖం వాడికి తెలియదని ఆ రోజు నాకు తెలియదు. ఆవిష్కరణ నాడు ముందు వరుసలో అమ్మ తెల్లచీరలో కూర్చుంది. గుడ్డ లాగారు. చప్పట్లు మొదలై, ఎందుకో సగంలోనే తగ్గిపోయాయి. ఆ నిశ్శబ్దంలో ఆరో తరగతి కుర్రవాడొకడి గొంతు ఖంగుమంది: "రేయ్, మన సోషల్ సారుకు మీసం పెట్టినార్రా!"

అందరూ బొమ్మను చూశారు, నన్ను చూశారు, మళ్లీ బొమ్మను చూశారు. అప్పుడు నేనూ చూశాను. కళ్లజోడు సారుది, మీసం సారుది, మిగతాదంతా నేనే. ఎత్తిన కనుబొమ్మ, తిప్పిన మూతి, బల్ల ఎక్కి ఆయనను వెక్కిరించే నా ముఖమే అది, రాతిలో, పూలదండతో సహా. హెడ్మాస్టరు నా చెవిదగ్గరకు వంగి, "ఏందప్పా ఇది? సారు బొమ్మ చేయించుకోని రమ్మంటే నీ బొమ్మ చేయించుకోని వస్తివా?" అన్నాడు. భూమి నోరు తెరిస్తే బాగుండుననిపించింది. అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోందనుకుని, అక్కడినుంచి పారిపోయాను.

మరుసటి రోజు సాయంత్రం ధైర్యం కూడదీసుకుని ఆమె ఇంటికి వెళ్లాను. గుమ్మం దగ్గరే నిలబడి, "అమ్మా, ఫొటో ఆచారి దగ్గర లేదు" అన్నాను.

ఆమె నావైపు చూసి, ఎడమ కనుబొమ్మ కొంచెం ఎత్తి, "ఆఁ... తర్వాతప్పా?" అంది.

బస్టాండు గురించి చెప్పాను. "తర్వాతప్పా?" డోన్ బస్సు గురించి చెప్పాను. "తర్వాతప్పా?" అవ్వ కవరుతో విసురుకున్న సంగతి చెప్పేసరికి ఆమె ఇక ఆపుకోలేక నవ్వేసింది. ముందు రోజు చెంగు అడ్డం పెట్టుకున్నదీ నవ్వుకేనట. "నువ్వు బల్ల ఎక్కి చేసేదంతా ఆయనకు తెలుసు నాయనా. ఒగసారి కిటికీ పక్క నిలబడి జూసినాడంట. ఇంటికొచ్చి, నువ్వు ఆయన మాదిరి ఎట్ల చేస్తావో నాకు చేసి చూపించె. 'నాకంటే వాడే బాగ చేస్తాండాడే' అని ఒగటే నవ్వు."

నేనూ వెర్రిగా నవ్వబోయాను. కానీ ఆమె నవ్వు అప్పటికే ఆగిపోయింది. ఖాళీ పటం వైపు చూస్తూ, "పొద్దున లేస్తానే దాన్ని జూసేదాన్ని" అంది. తిట్టి ఉంటే బాగుండేది. ఆ మాట ఇన్నేళ్లయినా నన్ను వదల్లేదు.

తర్వాత నావైపు తిరిగి ఆమే అంది. "ఏదీ, ఒగసారి చెయ్యి."

"ఏందమ్మా?"

"సారు మాదిరి. బొమ్మలో సరిగ్గ రాలే. నువ్వు చెయ్యి, జూస్తా."

ఆ గుమ్మంలో నిలబడి చేశాను. బల్ల మీద ఎన్ని వందలసార్లు చేశానో, ఆ రోజు చేసినంత కష్టం ఎప్పుడూ పడలేదు. ఆమె నవ్వలేదు. కళ్లు తిప్పకుండా చూసింది. ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా, క్రిస్మస్ కేకు తినడానికి వెళ్లినా, మా అమ్మాయి పుట్టిందని చెప్పడానికి వెళ్లినా, కాఫీ అయ్యాక "ఏదీ, ఒగసారి" అనేది. నేను లేచి నిలబడేవాణ్ని. పోగొట్టిన ఫొటోకు బదులు నేనే ఫొటోనయ్యాను. ఆమె పోయాక ఇక ఎవరి ముందూ చేయలేదు. ఇంకో బొమ్మకు చందాలు రాలేదు కాబట్టి అదే ఇంకా బడిలో ఉంది; నేను మీసం కూడా పెంచలేదు. పెంచితే, బడి పిల్లలు ఏ బొమ్మకు దండ వేయాలో తేల్చుకోలేరు.

ఇదంతా మా అమ్మాయికి చెప్పలేదు. "చర్మానికి పడదమ్మా" అన్నాను. ఆమె ఊరుకుంటుందా? ఫోను నా ముఖం మీదికి తెచ్చి, ఏదో నొక్కి, "ఇదో, ఫోన్లో పెట్టుకుంటే చర్మానికేం గాదులే" అని చూపించింది. ఒత్తయిన మీసం, కళ్లజోడు, నెరిసిన జుట్టు. సారు పోయిన వయసు ఇప్పుడు నాది. చూస్తూ చూస్తూ ఉండగానే ఎడమ కనుబొమ్మ దానంతటదే లేచింది, పెదవి పక్కకు తిరిగింది. ఇన్నేళ్లకు పోలిక సరిగ్గా కుదిరింది, చూసుకోవడానికి అమ్మ లేదు.

"ఎవరి మాదిరి చేస్తాండావ్ నాయనా?" అంది మా అమ్మాయి నవ్వుతూ, టక్కున ఫొటో తీసి.

"మా లెక్కల సారమ్మా. ఆ ఫొటో తీసేయొద్దు, భద్రంగా ఉంచు" అన్నాను.